హైవే మీద వంద బదులు ఎనభైలో పోతే నిజంగా ఎంత మిగులుతుంది? (తిరుపతి–బెంగళూరు లెక్కతో)

కొర్లగుంట కుర్రోడు | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. పోయిన నెల్లో బెంగళూరికి రెండుసార్లు పోయొచ్చినా. మా చెల్లెలు ఉండేది అక్కడే. బండి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, అయిదేళ్ళది, రెండుసార్లూ ఏసీ ఆన్.

మొదటిసారి ఒక్కణ్ణే. ఎప్పటిలాగే రోడ్డు ఖాళీగా దొరికిన చోటల్లా వంద. రెండోసారి పక్కన మా నాన్న. ముల్లు ఎనభై దాటితే దగ్గుతాడు. నోరు తెరిచి ఏమీ అనడు, దగ్గుతాడంతే. పలమనేరు దాటేసరికి నాకే అలవాటైపోయి ఎనభైలోనే పోయినా.

రెండుసార్లూ మా ఇంటి దగ్గరి బంకులో ఆటో కట్ అయ్యేదాకా కొట్టించి, తిరిగొచ్చినాక అదే పంపు దగ్గర మళ్ళీ ఆటో కట్ దాకా కొట్టించినా. మొదటిసారి 508 కిలోమీటర్లకి 29.7 లీటర్లు పట్టింది, లీటరుకి 17.1. రెండోసారి 506 కిలోమీటర్లకి 24.8, అంటే 20.4. దగ్గర దగ్గర అయిదు లీటర్లు తేడా. మన రేటుకి అయిదు వందల పైమాటే. ఇక టైము: పోయేటప్పుడు పాతిక నిమిషాలు ఎక్కువ పట్టింది. వచ్చేటప్పుడు కోలారు దగ్గర వాన, దాన్ని లెక్కలోంచి తీసేసినా.

2022 మార్చిలో, యుక్రెయిన్ యుద్ధం మొదలైన కొత్తలో, అంతర్జాతీయ ఇంధన సంస్థ పది సూచనలు ఇచ్చింది. మొట్టమొదటిదే హైవేల మీద వేగ పరిమితి కనీసం పది కిలోమీటర్లు తగ్గించమని. అభివృద్ధి చెందిన దేశాలన్నీ కలిసి అలా చేస్తే కార్ల మీద రోజుకి 2.9 లక్షల పీపాలు, లారీల మీద ఇంకో 1.4 లక్షల పీపాలు మిగులుతాయని వాళ్ళ లెక్క. మనం వాడే ముడి చమురులో 85 శాతం పైగా బయటినుంచే కొంటున్నాం. అలాంటిది 2018లో మనవాళ్ళు కార్లకి నాలుగు వరుసల రోడ్డు మీద 100, ఎక్స్‌ప్రెస్‌వే మీద 120 దాకా పెంచారు. తిరిగి తగ్గిస్తే తప్పేంటి?

ఫిఫ్త్ గేర్ | 9:31

అన్నా, నీకు మైలేజీ కావాలంటే నువ్వు ఎనభైలో పో. ఎడమ లైను నీదే. నన్నెందుకు మధ్యలోకి లాగుతావు? టోల్ కట్టేది దేనికి? బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కర్ణాటక ముక్క 2024 డిసెంబరులో వదిలారు, మన చిత్తూరు జిల్లా ముక్క, తమిళనాడు ముక్క కూడా పూర్తయితే హోస్కోట నుంచి శ్రీపెరుంబుదూరు దాకా గీత గీసినట్టు పోవచ్చు. 120కి డిజైన్ చేసిన రోడ్డు. దాని మీద ఎనభై అంటే పట్టుచీర కొని బీరువాలో దాచినట్టే.

మీ నాన్నకి మాత్రం దణ్ణం పెట్టినానని చెప్పు.

లెక్కల మాస్టారు, చిత్తూరు | 9:58

కుర్రోడి అంకెలు నమ్మదగ్గవే. ఎందుకో చెబుతా.

బండి ముందుకు పోవాలంటే రెండిటిని తోసుకుంటూ పోవాలి. ఒకటి టైరు రాపిడి, అది వేగంతో పెద్దగా మారదు. రెండోది గాలి. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. వందలో పోయేటప్పుడు గాలి అడ్డు వంద పాళ్ళు అనుకుంటే, ఎనభైలో అరవై నాలుగు పాళ్ళే. చిన్న కారుకి వందలో గాలి సుమారు 310 న్యూటన్ల బలంతో వెనక్కి నెడుతుంది, టైర్లు ఇంకో 120. మొత్తం 430. ఎనభైలో గాలి 200, టైర్లు అదే 120, మొత్తం 320. పావు వంతు తగ్గింది. ఇంజన్ తక్కువ భారం మీద కాస్త సామర్థ్యం పోగొట్టుకుంటుంది కాబట్టి పెట్రోలు అంత తగ్గదు, పదిహేను ఇరవై శాతం దగ్గర ఆగుతుంది. మీకు వచ్చింది పదహారు.

అదే అరవై నుంచి నలభైకి తగ్గితే ఈ లాభం ఉండదు. అక్కడ గాలి కంటే గేరుదే పెత్తనం. టాప్ గేరులో ఇంజన్ మూలగకుండా పోయే వేగమే ఏ బండికైనా మంచి వేగం.

ఫిఫ్త్ గేర్ | 10:04

మాస్టారూ, న్యూటన్ అనగానే నాకు టెన్త్ క్లాసు బెత్తం గుర్తొచ్చింది.

రిటైర్డ్ స్టీరింగ్ | 10:40

ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్ళు బండి తోలినా. మాకిదేమీ కొత్త సంగతి కాదు. డిపోలో నోటీసు బోర్డు మీద ప్రతి డ్రైవరు పేరెదురుగా కేఎంపీఎల్ రాసేవాళ్ళు. అంటే లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చినాడని. మా బండ్లు అయిదు, అయిదున్నర ఇస్తే గొప్ప. పాయింట్ రెండు తగ్గితే మర్నాడు పొద్దున పిలిపించి అడిగేవాళ్ళు. నలభై అయిదు నుంచి యాభై అయిదు మధ్య పొమ్మని ఇంధన పొదుపు సంఘం వాళ్ళ పోస్టర్లు గ్యారేజీ గోడకి అతికించి ఉండేవి.

నా అనుభవంలో చెప్పేది, వేగం ఎంత అనేది తర్వాత. కాలు ఎట్లా ఉంది అనేది ముందు. ఒకే రూట్లో, ఒకే బండి, ఒకే టైముకి చేర్చేవాళ్ళం ఇద్దరం డ్రైవర్లం. ఆయనకి 4.8, నాకు 5.4. ఆయన స్టాపు దాకా తొక్కుకుంటా వచ్చి బ్రేకు వేసేవాడు. నేను స్టాపు కనపడంగానే కాలు తీసేసేవాణ్ణి. బండి తనంతట తానే వచ్చి నిలబడేది. వెనక జనాలు కూడా తూలేవాళ్ళు కాదు.

పలమనేరు టమోటా | 11:25

నేను చెప్తా ఇనండి. మీరంతా వందా ఎనభై అని కొట్టుకుంటా ఉండారు. లోడు బండి యాభై అయిదు, అరవై మీద పోనే పోదు సామీ. లారీలకి ఎట్లాగూ ఎనభైకి స్పీడ్ గవర్నర్ బిగించే ఉంటాది. ఆ ఎనభై మేము ఖాళీ బండితో తిరిగొచ్చేటప్పుడు తప్ప చూసింది లేదు.

రాత్రి తొమ్మిదికి పలమనేరులో లోడు అయితే తెల్లారేలోపల చెన్నైలో కోయంబేడు మార్కెట్ చేరాల. రెండు వందల కిలోమీటర్ల దగ్గర ఉంటాది. ఆలస్యమైతే సరుకు మెత్తబడి రేటు పడిపోతాది. డీజిలు తాగేది హైవే కాదు. మొగిలి ఘాటు దిగి బంగారుపాళ్యం దాటేలోపల, ఆమీట చిత్తూరు దాటినాక, ఊరూరికీ బారికేడ్లు, స్పీడ్ బ్రేకర్లు. ఫస్ట్ గేరుకి దించాల, మళ్ళా అయిదో గేరు దాకా ఎక్కియ్యాల. డీజిల్ అంతా ఆడనే పోతాది. వేగం తగ్గిస్తే మాకేం మిగిలేది లేదు. ఆపకుండా పోనిస్తే మిగులుతాది.

లెక్కల మాస్టారు, చిత్తూరు | 11:52

టమోటా తమ్ముడూ, నీ మాటకి లెక్క కట్టినా.

బండీ లోడూ కలిపి పదహారు టన్నులు అనుకో. అరవైలో వస్తున్న బండిని పూర్తిగా ఆపితే ఆ కదిలే శక్తంతా బ్రేకు డ్రమ్ముల్లో వేడిగా పోతుంది. అది 2.2 మెగాజౌళ్ళు. మళ్ళీ అరవైకి ఎక్కించాలంటే అంత శక్తీ డీజిల్ నుంచే తేవాలి. ఇంజన్ డీజిల్‌లోని శక్తిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువే చక్రాలకి ఇస్తుంది. ఆ లెక్కన ఒక్కో ఆపుడుకి 180 మిల్లీలీటర్ల డీజిల్.

పలమనేరు టమోటా | 11:55

180 అంటే క్వార్టర్ కదా మాస్టారూ!! నేను మానేసి నాలుగేళ్ళయింది, నా బండి మాత్రం బారికేడ్ బారికేడ్‌కీ ఒక క్వార్టర్ ఎత్తతా ఉందన్నమాట.

మోడరేటర్ | సోమవారం, ఉదయం 6:30

ఏ ప్రభుత్వం రోడ్లు వేసింది, ఏది వెయ్యలేదు అనే పోస్టులు ఏడు తీసేశాం. ఈ20 (ఇథనాల్ కలిపిన) పెట్రోలుతో మైలేజీ పడిపోయిందనే గొడవకి వేరే చర్చ నడుస్తోంది, దయచేసి అక్కడికి వెళ్ళండి. ఇక్కడ వేగం గురించే.

పాత పేపర్ల పిచ్చి | 7:15

ఇది కొత్త ఆలోచన కాదండీ. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేసినప్పుడు చాలా దేశాలు చేసిన పనే. పశ్చిమ జర్మనీలో వేగానికి హద్దే లేని ఆటోబాన్ల మీద కూడా ఆ నవంబరు నుంచి 100 పెట్టారు, మార్చికల్లా ఎత్తేశారు. ఆదివారాలు కార్లే తియ్యకూడదన్నారు కొన్నాళ్ళు. అమెరికాలో నిక్సన్ 1974 జనవరి 2న సంతకం పెట్టాడు, దేశమంతా గంటకి 55 మైళ్ళు. మన లెక్కలో 89 కిలోమీటర్లు. 1987లో ఊళ్ళకి దూరంగా ఉండే రోడ్ల మీద 65 మైళ్ళకి పెంచుకోనిచ్చారు, 1995లో మొత్తం చట్టమే తీసేశారు.

దగ్గరి ఉదాహరణ స్పెయిన్. 2011లో లిబియా గొడవతో చమురు ధర పెరిగితే మార్చి నుంచి 120ని 110 చేశారు. కొత్త బోర్డులు పెట్టకుండా ఉన్న బోర్డుల మీదే 110 అని స్టిక్కర్లు అంటించారు. జూన్ ఆఖరుకి ఆ స్టిక్కర్లు పీకేశారు. నెదర్లాండ్స్ 2020లో పగటిపూట వందకి దించింది. అది చమురు కోసం కాదు, గాలిలో నైట్రోజన్ కాలుష్యం తగ్గించడానికి.

ఫిఫ్త్ గేర్ | 8:02

చూశారా! పెట్టిన ప్రతి ఒక్కడూ పీకేశాడు. పనికొచ్చేదైతే ఎందుకు పీకుతారు?

పాత పేపర్ల పిచ్చి | 8:40

పీకింది జనం తిట్టినందుకు. పనికిరాక కాదు. అమెరికాలో పెట్రోలు ఆదా ఒకటి రెండు శాతం దగ్గరే ఆగిన మాట నిజమే, ఎందుకంటే బోర్డు మీద 55 ఉన్నా జనం అరవై అయిదులో పోయారు. లారీ డ్రైవర్లు సీబీ రేడియోలు పెట్టుకుని ముందు పోలీసులున్నారని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. మనవాళ్ళు ఎదురొచ్చే బండికి హెడ్‌లైట్ కొట్టి చెప్పినట్టే. కానీ 1974 ఒక్క ఏడాదిలో రోడ్డు చావులు 54 వేల నుంచి 45 వేలకి దిగాయి. చమురు కొరత వల్ల తిరగడమే తగ్గింది, అదీ ఒక కారణం. అయినా తొమ్మిది వేల మంది.

మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో 71 శాతం అతివేగం ఖాతాలో రాశారు. కాబట్టి పెట్రోలు మాట పక్కన పెట్టినా ఈ చర్చ ఉత్తది కాదు.

ఫిఫ్త్ గేర్ | 8:47

ఆ 71 శాతంలో రాంగ్ రూట్లో వచ్చిన ట్రాక్టరు, లైట్లు లేని ట్రాలీ ఎన్ని ఉన్నాయో ఎవరికెరుక. కేసు రాసేటప్పుడు అతివేగం అని రాయడం తేలిక.

(దీనికి నేను గొడవ పెట్టుకోను, మా బావమరిది అట్లనే పోయినాడు. ట్రాలీకి వెనక రేడియం స్టిక్కర్ కూడా లేదు.)

శ్రీసిటీ షిఫ్టు | మధ్యాహ్నం 1:20

లంచ్ బ్రేక్‌లో రాస్తున్నా. నేను రోజూ తిరుపతి నుంచి కంపెనీ బస్సులో వెళ్ళొస్తా. బస్సుకి ఎనభై లాక్, డ్రైవరన్న పైగా నిదానస్తుడు. నేను ముందు సీట్లో కూర్చుంటా, వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుంది.

ఇవాళ పొద్దున రేణిగుంట దాటాక ఒక తెల్ల ఎస్‌యూవీ హారన్ మోగిస్తూ మమ్మల్ని దాటింది. వెనక అద్దం మీద పెద్ద నామాల స్టిక్కరు. శ్రీకాళహస్తి దగ్గర సిగ్నల్లో చూస్తే మా ముందు రెండో బండి అదే. దాటి ఇరవై కిలోమీటర్లు దూకుడుగా పోయి అతను సంపాదించింది రెండు బండ్ల చోటు. ఫిఫ్త్ గేర్ గారూ, మీదేనా ఆ బండి?

అయినా ఒక మాట. నాకు ఇంట్లో నుంచి బయటికి రావడానికి 5:40 టైము. బస్సుకి కూడా పది తగ్గిస్తే అది 5:30 అవుతుంది. ఆ పది నిమిషాలు పెట్రోలు లెక్కలో ఎవరూ రాయరు. పిల్లకి జడ వేసేది ఆ పది నిమిషాల్లోనే.

ఫిఫ్త్ గేర్ | 1:34

నాది ఎర్ర బండి అక్కా. స్టిక్కర్ లేదు.

అలిపిరి జీపు | సాయంత్రం 6:05

మీరందరూ అమెరికా, స్పెయిన్ అంటున్నారు. మన కొండ మాట ఒక్కరూ ఎత్తలేదే?

తిరుమల ఘాట్ రోడ్డులో ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు. అంతకంటే ముందు చేరితే ఫైను. స్లిప్పు మీద టైము కొట్టిస్తారు, అవతలి చివర చూస్తారు. స్పీడ్ గన్ లేదు, పొదలో దాక్కునే పోలీసు లేడు. ఎవడి మొహమాటమూ లేదు, మంత్రి బండికీ నా బండికీ ఒకటే గడియారం.

హైవే మీద కూడా అదే చెయ్యొచ్చు కదా. అన్ని బండ్లకీ ఫాస్టాగ్ ఉంది. గాదంకి టోల్‌గేటు ఎన్నింటికి దాటినావు, తర్వాతి టోల్‌గేటు ఎన్నింటికి దాటినావు, మధ్య దూరం ఎంత, అంతే. బోర్డు మీద ఎనభై రాసి ఊరుకుంటే ఎవడూ పోడు. గడియారం పెడితే చచ్చినట్టు పోతారు.

కొర్లగుంట కుర్రోడు | 6:30

అన్నా, నేను నెలకి రెండుసార్లు కొండకి పోతా. దిగేటప్పుడు చివరి మలుపుల దగ్గర కార్లు వరసగా ఆగి ఉంటాయి. అందరూ బయట నిలబడి స్లిప్పు చూసుకుంటా, సెల్‌లో టైము చూసుకుంటా ఉంటారు. పైన దూకుడుగా దిగేసి కింద ఆరు నిమిషాలు సెల్ఫీలు. హైవే మీద కూడా టోల్‌గేటుకి ముందు అట్లాగే టీ అంగళ్ళు వెలుస్తాయి.

అలిపిరి జీపు | 6:41

వెలిస్తే వెలవనీ. ఆగినోడికి అర్థమయ్యేదేంది? ఉరికినా ఉపయోగం లేదని. రెండుసార్లు ఆగినోడు మూడోసారి నిదానంగానే దిగుతాడు, నేను చూసినా. టూరిస్టులు ఆగుతారు, లోకల్ వాళ్ళు ఆగరు.

ఇంకోటి. కొండ దిగేటప్పుడు కొంతమంది న్యూట్రల్‌లో వదిలేస్తారు, పెట్రోలు మిగులుతుందని. నా బండి ఎక్కినోళ్ళు కూడా సలహా ఇస్తుంటారు.

రిటైర్డ్ స్టీరింగ్ | 7:20

న్యూట్రల్ మాట ఎత్తినావు కాబట్టి చెప్తా, సిగ్గేమీ లేదు. వయసులో ఉన్నప్పుడు కేఎంపీఎల్ కోసం నేనూ ఆ పని చేసినోణ్ణే. భాకరాపేట కనుమలో ఒకసారి, రాత్రిపూట, నలభై మంది జనం. న్యూట్రల్ కొట్టి వదిలినా. రెండు మలుపులు బ్రేకు తొక్కేసరికి కాలిన వాసన. ఎయిర్ మీటరు ముల్లు చూస్తే కిందికి దిగతా ఉంది. మళ్ళీ గేరు వేద్దామంటే బండి వేగానికి పళ్ళు పడటం లేదు, గరగర అరుస్తా ఉంది. ఎట్లనో మూడో గేరు పడింది. కింద ఆపి దిగితే మోకాళ్ళు వణుకుతా ఉన్నాయి. కండక్టరుకి కూడా చెప్పలేదు, టైరు చూసొస్తానని వెనక్కి పోయి కాసేపు కూర్చున్నా.

ఆరోజు మిగిలిన డీజిల్ ఎంతో నాకు తెలియదు.

లెక్కల మాస్టారు, చిత్తూరు | 7:48

ఇప్పటి బండ్లలో న్యూట్రల్‌తో మిగిలేదేమీ లేదు కూడా. ఇంజెక్షన్ బండి గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు లేకపోతే, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. కంప్యూటరు పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వదిలితే ఇంజన్ ఆగకుండా ఉండటానికి ఐడ్లింగ్ పెట్రోలు తాగుతూనే ఉండాలి. అంటే ప్రమాదమూ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే.

జీపు అన్నా, ఒక చిన్న దిద్దుబాటు: కొండ మీద 40 నిమిషాలు పెట్టింది బ్రేకుల కోసం, ప్రాణాల కోసం. పెట్రోలు కోసం కాదు. పద్ధతి మాత్రం నువ్వన్నట్టు హైవేకి పనికొస్తుంది.

కరెంటు బండి | 8:15

నాది ఎలక్ట్రిక్. కొండ పైన 61 శాతం ఛార్జింగుతో బయలుదేరితే, దిగేటప్పుడు చక్రాలే మోటారుని తిప్పి బ్యాటరీ నింపి, అలిపిరిలో 65 చూపించింది. 2022 నుంచి కొండకి తిరిగే ఆర్టీసీ కరెంటు బస్సులకీ ఇదే సుఖం.

కానీ హైవే మీద వేగం నొప్పి మీకంటే మాకే ముందు తెలుస్తుంది. వందలో పోతే మిగిలిన కిలోమీటర్ల అంకె కళ్ళముందే కరిగిపోతుంది. ముళబాగిలు దాటాక ఛార్జర్ ఖాళీ ఉంటుందో లేదో అన్న భయంతో డెబ్బై అయిదులో లారీ వెనక పోయిన రోజులున్నాయి. నాకు ఏ చట్టమూ అక్కర్లేదు, ఆ అంకే చాలు.

శ్రీసిటీ షిఫ్టు | 8:50

అదే అసలు సంగతి కదా. పెట్రోలు కార్లలో కూడా ఆ అంకె కిలోమీటర్లలో కాకుండా రూపాయల్లో కనపడితే? "ఇప్పుడు కిలోమీటరుకి ఆరు రూపాయల నలభై పైసలు" అని పెద్ద అక్షరాల్లో. మా ఆయన కాలు దానంతటదే లేస్తుంది.

ఫిఫ్త్ గేర్ | 9:10

సరే, నేను పూర్తిగా మొండివాణ్ణి కాదు. నాకున్న అభ్యంతరం ఒకటే. 2018 నోటిఫికేషన్‌లో ఉన్నవి గరిష్ఠ హద్దులు మాత్రమే, అంతకంటే తగ్గించుకునే అధికారం మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్రానికి ఉంది. మన దగ్గర ఎనభై పెట్టి, నంగలి దాటగానే కర్ణాటకలో వంద అంటే ఏమవుతుంది? ఇక్కడ పోగొట్టుకున్న టైము అక్కడ 120 కొట్టి రాబట్టుకుంటారు. పెట్రోలు అక్కడ చవకని ఎట్లాగూ అక్కడే పోయించుకుంటాం. పెడితే దేశమంతా పెట్టాలి, గడియారంతో పెట్టాలి. వెయ్యి, రెండు వేలు ఫైను ఫోనుకి వస్తే ఎనభై ఏంది, డెబ్బైలో కూడా పోతా.

పలమనేరు టమోటా | 9:22

దాంతోపాటు బారికేడ్లు తియ్యాల. అది రాయండి ముందు.

కొర్లగుంట కుర్రోడు | తర్వాతి ఆదివారం, రాత్రి 8:45

నిన్న మళ్ళీ పోయొచ్చినా. ఈసారి మధ్యేమార్గం, తొంభై. 507 కిలోమీటర్లు, 27 లీటర్లు, అంటే 18.8. టైము మొదటిసారి కంటే పదకొండు నిమిషాలే ఎక్కువ. టైర్లలో గాలి పోయేముందు చూసుకున్నా, అదీ కొంచెం సాయపడి ఉంటుంది. నాన్న రాలేదు.

ఫిఫ్త్ గేర్ | 8:58

ఏసీ?

కొర్లగుంట కుర్రోడు | 9:01

ఆన్.

ఫిఫ్త్ గేర్ | 9:03

తొంభై అయితే ఓకే. సంతకం పెడతా.

పలమనేరు టమోటా | 11:47

మాస్టారూ, నిన్న రాత్రి వేలు మడిచి లెక్కపెట్టినా. పలమనేరు నుంచి కోయంబేడు గేటు దాకా బండి పూర్తిగా ఆగింది పదమూడు సార్లు. టీకి ఆగింది కలపలా. ఎన్ని ఫుల్ బాటిళ్ళో మీరే చెప్పండి.